‘సిగ్నల్ లేదు’ అనే ముందు

‘ఒంట్లో బాగాలేదు’ అనగానే మందు రాసిచ్చే డాక్టరు ఉండడు. జ్వరమా, కడుపునొప్పా, ఎప్పట్నుంచి, ఏం తిన్నావు అని నాలుగు ప్రశ్నలు వేస్తాడు. ఫోన్ దగ్గరికి వచ్చేసరికి మనం ‘సిగ్నల్ లేదు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తాం. అవతలివాళ్ల గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చినా అదే మాట. ఫోన్‌పే కొడితే బొమ్మ గుండ్రంగా తిరుగుతున్నా, ఓటీపీ రాకపోయినా అదే మాట. ఆ తర్వాత చేసే పనులు కూడా ఇంటింటా ఒకటే. ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేయడం, కంపెనీని తిట్టుకోవడం, నెలాఖరుకి ఇంకో సిమ్ తీసుకోవడం, అదీ పనిచేయకపోతే ఈఎంఐలో 5జీ ఫోన్ కొనడం. ఇంత ఖర్చూ అయ్యాక వంటింట్లో ఫోన్ ఇంకా కలవదు.

నెట్‌వర్క్ మన చేతిలో లేదు, నిజమే. అసలు ఇబ్బంది ఏమిటో తేల్చుకునే పని మాత్రం పూర్తిగా మన చేతిలోదే. అది తేలితే చాలాసార్లు పైసా ఖర్చు లేకుండా దారి దొరుకుతుంది. దొరకనప్పుడు కనీసం ఎవరిని ఏమని అడగాలో తెలుస్తుంది. ఈ అధ్యాయం ఆ తేల్చుకోవడం గురించి.

ముందు తెర మీది గీతల సంగతి చూద్దాం. మనవాళ్లు వీటిని పాయింట్లంటారు. నాలుగు పాయింట్లంటే ఎంత సిగ్నల్, రెండంటే ఎంత అని అన్ని ఫోన్లకీ కలిపి ఒక కొలత లేదు. ఏ కంపెనీ ఫోన్ ఆ కంపెనీ లెక్క ప్రకారం గీస్తుంది. అందుకే ఒకే గదిలో, ఒకే నెట్‌వర్క్ మీద, అన్న ఫోన్లో నాలుగూ చెల్లెలి ఫోన్లో రెండూ కనిపిస్తాయి. అది చూసి చెల్లెలు కొత్త ఫోన్ అడుగుతుంది!

గీతల వెనక ఒక అంకె ఉంటుంది. దాన్ని డీబీఎంలలో కొలుస్తారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కువగా సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’లోకి, అక్కడి నుంచి ‘సిమ్ స్టేటస్’లోకి వెళ్తే ‘సిగ్నల్ స్ట్రెంత్’ అని కనిపిస్తుంది. ఐఫోన్‌లో *3001#12345#* డయల్ చేస్తే ఆ పేజీ తెరుచుకుంటుంది. అంకె ముందు మైనస్ గుర్తు ఉంటుంది కాబట్టి చిన్న సంఖ్య మంచిది. 4జీలో మైనస్ 80, 90 దగ్గర ఉంటే నిశ్చింత. 105 దాటితే ఇబ్బంది మొదలవుతుంది. 115 దాటితే కాల్ ఎప్పుడు తెగుతుందో చెప్పలేం. ఇంకో విషయం గుర్తుపెట్టుకోవాలి. మైనస్ 90 నుంచి మైనస్ 100కి వస్తే సిగ్నల్ పది శాతం తగ్గినట్టు కాదు, పదో వంతుకి పడిపోయినట్టు. 110కి వస్తే నూరో వంతు. హాల్లోంచి వంటింట్లోకి నాలుగడుగులు వేస్తే ఇంత తేడా ఎలా వస్తుందని ఆశ్చర్యపోయేవాళ్లకి జవాబు ఇదే.

ఈ అంకె కూడా సగం కథే చెబుతుంది. టవర్ మాట మన ఫోన్‌కి ఎంత బాగా వినబడుతోందో అది చూపిస్తుంది గానీ, మన ఫోన్ మాట టవర్‌కి చేరుతోందో లేదో చూపించదు. టవర్ పదుల వాట్ల శక్తితో ప్రసారం చేస్తుంది. మన 4జీ ఫోన్ గరిష్ఠంగా పంపగలిగేది 0.2 వాట్లు. అందుకే ‘మీ మాట నాకు వినబడుతోంది, నా మాటే మీకు వినబడట్లేదా?’ అనే పరిస్థితి వస్తుంది. అప్పుడు మనం చేసేదల్లా గొంతు పెంచడం. ఎంత అరిచినా ఫోన్ పంపే శక్తి మిల్లీవాటు కూడా పెరగదు, పక్కింటివాళ్లకి మాత్రం మన ఇంటి సంగతులన్నీ తెలిసిపోతాయి. సిగ్నల్ అందనిచోట ఫోన్ తన శక్తినంతా పెట్టి టవర్‌ని అందుకోవాలని చూస్తుంటుంది. పల్లెకి వెళ్లినప్పుడు ఫోన్ వేడెక్కడానికీ, మధ్యాహ్నానికల్లా చార్జింగ్ అయిపోవడానికీ చాలాసార్లు కారణం ఇదే. అలాంటిచోట ఫోన్ అవసరం లేనప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయండి.

మా పక్కవీధిలో ఒక ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. పెద్దాయన ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యారు. సెలవులకి వచ్చిన మనవరాలు ఒక కాగితం మీద ఇంటి నమూనా గీసి, ఆయన చేతికి ఫోన్ ఇచ్చి, ‘తాతయ్యా, నువ్వు గది గదికీ వెళ్లి ఓ క్షణం నిలబడి అంకె చెప్పు, నేను రాసుకుంటా’ అంది. వరండాలో 92 వచ్చింది. హాల్లో 101. దేవుడి గదిలో 108. వంటింట్లో అడుగుపెట్టగానే 117. ‘ఇక్కడ మీ అమ్మమ్మ మాట నాకే వినబడదు, టవర్‌కేం వినబడుతుందే’ అన్నారాయన. వంటింటి వెనక గిన్నెలు తోముకునే చోటికి ఎండ పడకుండా కిందటేడు ఇనప రేకులు దించారు. టవర్ ఉన్నది ఆ పక్కనే. లోహం రేడియో తరంగాలని దాటనివ్వదు. పైన స్లాబులో ఇనుము, కిటికీకి దోమల జాలీ, దాని వెనక రేకులు. ఇన్నిటి మధ్య ఫోన్ పనిచేయకపోతే తప్పు ఎవరిది? రేకులు తీయలేదు, సిమ్ మార్చలేదు. ఇంట్లో ఫైబర్ ఇంటర్నెట్ ఉంది కాబట్టి ఆ అమ్మాయి ఫోన్ సెట్టింగ్స్‌లో ‘వైఫై కాలింగ్’ ఆన్ చేసింది. అప్పట్నుంచి వంటింట్లో కాల్ వైఫై మీదుగా వెళ్తోంది. కొత్త ఫోన్ ప్రస్తావన ఆ ఇంట్లో మళ్లీ రాలేదు.

ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో ఈ సదుపాయం మొదలుపెట్టాయి. దీనికి విడిగా డబ్బు తీసుకోరు. అయినా ఇంట్లో వైఫై ఉండి, ఫోన్లో ఆ మీట ఉండి, దాన్ని ఎన్నడూ నొక్కనివాళ్లు చాలామంది ఉన్నారు. పుస్తకం పక్కన పెట్టి ఇప్పుడే చూసుకోండి.

ఇక రెండో రకం ఇబ్బంది. పాయింట్లు నిండుగా ఉంటాయి, అంకె మైనస్ 85 చూపిస్తుంది, నెట్ మాత్రం కదలదు. సిగ్నల్ ఉంది, చోటు లేదు. ఒక టవర్ ఇవ్వగల వేగాన్ని ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్లంతా పంచుకుంటారు. మేడారం జాతరకి ప్రతిసారీ కంపెనీలు తాత్కాలిక టవర్లు పెట్టేది ఇందుకే. మామూలు రోజుల్లో ఆ అడవికి సరిపోయే టవర్లు జాతర నాలుగు రోజుల జనానికి ఏ మూలకీ చాలవు. మీ కాలనీలోనూ రాత్రి తొమ్మిదింటికి ఇదే జరుగుతుంది, కాస్త చిన్న ఎత్తున.

పరీక్ష తేలికే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్ల ‘మైస్పీడ్’ యాప్‌తో తెల్లవారుజామున ఒకసారి, రాత్రి భోజనాల వేళ ఒకసారి, ఇంట్లో ఒకేచోట కూర్చుని వేగం చూడండి. రెండు పూటలా నెమ్మదిగానే ఉంటే సిగ్నలో, ఫోనో, ప్లానో చూసుకోవాలి. పొద్దున పరుగెత్తి రాత్రి కుంటుతుంటే అది రద్దీ. ఎంత ఖరీదైన ఫోన్ కొన్నా రద్దీ తగ్గదు. అదే వీధిలో జనం తక్కువున్న ఇంకో కంపెనీకి మారితే తగ్గవచ్చు. పెళ్లికో, జాతరకో, క్రికెట్ మ్యాచ్‌కో వెళ్తుంటే టికెట్లు, మ్యాపులు ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోండి. జేబులో కొంచెం నగదు ఉంచుకోండి.

మూడోది అన్నిటికన్నా తికమక పెట్టేది. ‘అప్‌గ్రేడ్ చేశాం అన్నారు, ఆ తర్వాతే పాడైంది’ అంటారు చాలామంది. ఇది ఉత్త భ్రమ కాదు.

మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జులై 31న జరిగింది. కలకత్తా నుంచి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. వచ్చిన కాల్‌కి కూడా నిమిషానికి ఇంతని కట్టాల్సిన రోజులవి. అక్కడి నుంచి 2జీ, 3జీ, 4జీ, 5జీ అంటూ వచ్చాం గానీ, గాలిలోని తరంగాలు మాత్రం పెరగలేదు. కొత్త తరం వచ్చినప్పుడల్లా కొన్ని కొత్త బ్యాండ్లు, అంటే తరంగాల శ్రేణులు, వేలంలో కొంటారు, పాత తరం వాడుకున్న వాటిలో కొన్నిటిని కొత్తదానికి మళ్లిస్తారు. 2020లో ఎయిర్‌టెల్ 3జీని ఆపేసి ఆ తరంగాలని 4జీకి ఇచ్చింది. 4జీ ఫోన్ ఉన్నవాళ్లకి అది లాభం. 3జీ వరకే వచ్చే ఫోన్ ఉన్నవాళ్లు ఆ రోజుతో 2జీకి దిగిపోయారు. కాల్స్ మామూలుగానే వెళ్తాయి, నెట్ మాత్రం చచ్చిపోతుంది. ‘నిన్నటిదాకా బాగానే ఉంది’ అని వాళ్లన్నది అక్షరాలా నిజం.

జియో 2016 సెప్టెంబరు 5న మొదలైనప్పటి నుంచి 4జీతోనే వచ్చింది. దానికి 2జీ, 3జీ ఎప్పుడూ లేవు. కాబట్టి ఆ సిమ్ మీద మాట్లాడాలంటే ఫోన్లో వోల్టీ, అంటే 4జీ మీదే కాల్ మాట్లాడే సదుపాయం, ఉండాలి, ఆన్ చేసి ఉండాలి. అమ్మమ్మ పాత కీప్యాడ్ ఫోన్లో జియో సిమ్ వేసి ‘కలవట్లేదు’ అని షాపుకి తిప్పే మనవళ్లు ఇది గమనించాలి. అమెరికాలో అయితే 2022 ముగిసేసరికి పెద్ద కంపెనీలు మూడూ 3జీని ఆపేశాయి. పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు విమానం ఎక్కకముందే ఇక్కడి ఫోన్ అక్కడి వోల్టీ మీద పనిచేస్తుందో లేదో అడిగి తెలుసుకోవాలి.

5జీ మన దగ్గర 2022 అక్టోబరు 1న మొదలైంది. వేగంగా నడిచే 5జీలో ఎక్కువ భాగం 3300 మెగాహెర్ట్జ్ పరిసరాల్లో నడుస్తుంది. తరంగం ఎంత పై బ్యాండుకి వెళ్తే అంత ఎక్కువ డేటా మోస్తుంది, గోడలు, దూరం వచ్చేసరికి అంత తొందరగా నీరసిస్తుంది. 700, 850, 900 మెగాహెర్ట్జ్‌లు దూరం వెళ్తాయి, గోడలు దాటుతాయి, వేగం తక్కువ. అందువల్ల డాబా మీద 5జీ దూసుకుపోతుంది, మెట్లు దిగి పడగ్గదిలోకి రాగానే ఫోన్ 5జీకీ 4జీకీ మధ్య ఊగిసలాడుతుంది. ఈ ఊగిసలాట వల్లే వీడియో ఆగడం, కాల్‌లో ఒక్క క్షణం నిశ్శబ్దం రావడం. మీ ఇంట్లో 5జీ అంచులో ఉంటే సెట్టింగ్స్‌లో ‘ప్రిఫర్డ్ నెట్‌వర్క్’ని 4జీకి మార్చి రెండు రోజులు చూడండి. ఏమీ పోదు, మళ్లీ మార్చుకోవచ్చు. 5జీ ఫోన్ కొని 4జీలో వాడటం నామోషీగా అనిపించవచ్చు. నా మటుకు నాకు, కాల్ తెగకపోవడమే గొప్ప.

బీఎస్ఎన్ఎల్ వాళ్లకి ఈ మార్పు ఇప్పుడు జరుగుతోంది. సీడాట్, తేజస్ నెట్‌వర్క్స్, టీసీఎస్ కలిసి తయారుచేసిన స్వదేశీ 4జీని 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రారంభించారు. ఇది ముఖ్యంగా 700, 2100 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. ఫోన్ మీద 4జీ అని రాసి ఉంటే చాలదు, బ్యాండ్ 28, బ్యాండ్ 1 రెండూ ఉండాలి. 28 లేని ఫోన్‌కి పల్లెల్లో దూరం వెళ్లే ఆ 700 తరంగమే అందదు. ఫోన్ కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్ అని అడిగే మనం బ్యాండ్ల సంగతి అడగం. డబ్బా మీదో కంపెనీ వెబ్‌సైట్‌లోనో ఆ జాబితా ఉంటుంది. రెండు నిమిషాలు చూడండి.

పాత సిమ్‌ని 4జీ సిమ్‌గా మార్పించుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. కొత్త సిమ్ పనిచేయడం మొదలయ్యాక 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు. మన నంబరు మీద మోసగాళ్లు దొంగ సిమ్ తీసుకుని బ్యాంకు ఓటీపీలు కాజేయకుండా పెట్టిన ఏర్పాటిది. ఆ ఒక్కరోజు మీకూ ఓటీపీ రాదు. పిల్లల పరీక్ష ఫీజు ఆఖరి తేదీకి ముందురోజు సిమ్ మార్పించుకోకండి.

కంపెనీ మారడం గురించి కూడా అడుగుతుంటారు. మారండి, తప్పులేదు. అయితే స్నేహితుడి మాట విని కాదు. అతని ఇంటి దగ్గర బాగా వచ్చే నెట్‌వర్క్ మీ ఇంట్లో రావాలని లేదు. ఆ కంపెనీ సిమ్ ఉన్న చుట్టాన్ని భోజనానికి పిలవండి. వాళ్ల ఫోన్ పట్టుకుని వంటింట్లో, పడగ్గదిలో అంకెలు చూడండి. ట్రాయ్ 2024 నిబంధనల ప్రకారం కంపెనీలు ఎక్కడెక్కడ తమ సేవ అందుతుందో వెబ్‌సైట్లలో మ్యాపులు పెట్టాలి. పెట్టాయి కూడా. మ్యాపు వీధి సంగతి చెబుతుంది, మీ గోడల సంగతి దానికి తెలియదు. రెండూ చూసుకున్నాక ‘పోర్ట్’ అని రాసి, ఖాళీ వదిలి మీ నంబరు వేసి 1900కి ఎస్సెమ్మెస్ చేస్తే కోడ్ వస్తుంది. మన దగ్గర అది నాలుగు రోజులు పనిచేస్తుంది. ఇప్పుడున్న కంపెనీలో 90 రోజులు పూర్తయి ఉండాలి, బిల్లు బకాయి ఉండకూడదు. సిమ్ మార్పించుకుని ఏడు రోజులు కాకపోతే కోడ్ ఇవ్వరు. హైదరాబాద్ నుంచి విజయవాడ మారినా మీరు అదే సర్కిల్‌లో ఉన్నట్టే. రాష్ట్రం విడిపోయి ఇన్నేళ్లయినా టెలికాం లెక్కల్లో రెండూ కలిపి ఒకే ఆంధ్రప్రదేశ్ సర్కిల్.

ఆన్‌లైన్లో దొరికే బూస్టర్లు మాత్రం కొనకండి. అనుమతి లేకుండా వాటిని పెట్టడం చట్టవిరుద్ధం. మీ ఇంట్లో గీతలు పెంచి వీధి మొత్తానికి కాల్స్ తెంచే గుణం వాటిది. ‘మీ స్థలంలో టవర్ పెడతాం, నెలకింత అద్దె, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి’ అని ఫోన్ చేసేవాళ్లు మోసగాళ్లు. టవర్ పెట్టేవాళ్లు అద్దె ఇస్తారు, మన దగ్గర ఫీజు వసూలు చేయరు.

తుఫాను రోజుల సంగతి వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని తాకినప్పుడు కరెంటుతో పాటు ఫోన్లూ మూగబోయాయి. కరెంటు పోతే టవర్లు బ్యాటరీల మీద, డీజిల్ జనరేటర్ల మీద కొంతసేపే బతుకుతాయి. ఇప్పుడు పెద్ద తుఫానులప్పుడు ఒక కంపెనీ టవర్ పడిపోతే ఇంకో కంపెనీ టవర్‌ని వాడుకునే ఏర్పాటు ప్రభుత్వం చేయిస్తోంది. ఫోన్ దానంతటది మారకపోతే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఎంపిక ‘ఆటోమేటిక్’ తీసేసి, కనిపించే వేరే పేరుని ఎంచుకోండి. కాల్ కలవనిచోట ఎస్సెమ్మెస్ వెళ్లవచ్చు, దానికి కావలసింది చిటికెడు చోటే. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందుబాటులో ఉంటే అత్యవసర నంబరు 112 కలవాలి.

ఇప్పటిదాకా చెప్పిన పరీక్షలు టవర్ ఉన్న ఊళ్లకి. మన్యంలో కొన్ని పల్లెల్లో సమస్య నిజంగానే టవర్ లేకపోవడం. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి అయిదు రాష్ట్రాల్లోని వెనకబడిన జిల్లాల్లో 7,287 గ్రామాలకి 4జీ ఇవ్వాలని 2021లో 6,466 కోట్లతో ఒక పథకాన్ని, దేశంలో ఏ నెట్‌వర్కూ లేని ఊళ్లన్నిటికీ ఇవ్వాలని 2022లో 26,316 కోట్లతో మరో పథకాన్ని కేంద్రం ఆమోదించింది. రేషన్ వేలిముద్ర పడాలంటే మిషన్ పట్టుకుని గుట్ట ఎక్కాల్సిన ఊరివాళ్లకి సెట్టింగ్స్ మార్చుకోమని చెప్పడం ఎగతాళి అవుతుంది. వాళ్లు ఊరంతా కలిసి పంచాయతీ తీర్మానంతో కలెక్టరుకీ ఎంపీకీ రాయాలి. ఆ తీర్మానంలో ఊరి పేరు, దగ్గర్లోని టవర్ ఎంత దూరంలో ఉందో, ఏ ఏ పనులు ఆగిపోతున్నాయో ఉండాలి.

మిగిలినవాళ్లం ఫిర్యాదు చేయడం నేర్చుకోవాలి. అసలు ఈ పుస్తకంలో ఈ అధ్యాయం చేర్చింది ఇందుకే. ‘మీ నెట్‌వర్క్ దరిద్రంగా ఉంది’ అంటే అవతలి మనిషి ‘క్షమించండి సార్, ఫోన్ రీస్టార్ట్ చేయండి’ అంటాడు. అతను చేయగలిగింది అంతే. ఇలా చెప్పి చూడండి: ‘మాది ఫలానా కాలనీ, పిన్‌కోడ్ ఇది. రెండు వారాలుగా రాత్రి ఎనిమిది నుంచి పది దాకా కాల్స్ తెగుతున్నాయి. ఇంటి బయట నిలబడినా 4జీ సిగ్నల్ మైనస్ 112 ఉంటోంది, ముందు 95 ఉండేది. రెండు ఫోన్లలో చూశాం, రెండింట్లోనూ అంతే.’ ఇందులో తిట్టు లేదు, అభిప్రాయం లేదు. దీనికి ‘రీస్టార్ట్ చేయండి’ అన్నది జవాబు కాలేదు. ఇంజినీరుకి పంపాల్సిందే.

ఫిర్యాదు నంబరు 198. మీ ఫిర్యాదుకి ఇచ్చే డాకెట్ నంబరు అడిగి, తేదీతో సహా రాసుకోండి. పరిష్కారం కాకపోతే, చేసింది తృప్తిగా లేకపోతే, 30 రోజుల లోపు అదే కంపెనీలోని అప్పీల్ అథారిటీకి వెళ్లవచ్చు. వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదులు విడివిడిగా విచారించదు కాబట్టి నేరుగా అక్కడికి రాసి లాభం లేదు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లే హక్కు మనకి ఉందని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో స్పష్టం చేసింది.

కాబట్టి ఈ వారంలో ఒకరోజు ఇంటి నమూనా గీసి గది గదికీ అంకె రాయండి. వీధిలో ఇంకో ముగ్గురి చేత రాయించండి. నాలుగిళ్ల అంకెలూ ఒకేలా దిగజారి ఉంటే నలుగురూ విడివిడిగా 198కి ఫోన్ చేసి నాలుగు డాకెట్ నంబర్లు తీసుకోండి. ఫిర్యాదుకీ అప్పీలుకీ ఫీజు లేదు.